ఊరుకున్న పిల్లవాడు ఊరట పడ్డట్టేనా? ఆసుపత్రి మంచం మీద ఆట సంగతి

పిల్లల ఎముకల వార్డులో అడుగుపెట్టిన తల్లిదండ్రులు మొదటి రెండు రోజుల గురించి భయపడతారు. నిజానికి కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. తొడ ఎముక విరిగిన నాలుగేళ్ళ పిల్లవాడికి మందులతో, కాలిని బరువుతో లాగి కట్టే ట్రాక్షన్‌తో నొప్పి అదుపులోకి వస్తుంది. ఆకలి వేస్తుంది, మాటలు వస్తాయి, అల్లరి చేయాలనిపిస్తుంది. మంచం దిగడానికి మాత్రం వీల్లేదు. జ్వరంతో చేరిన పిల్లలు నీరసంతో పడి నిద్రపోతారు. వీడికి ఆ వెసులుబాటు కూడా లేదు. ఒక్క కాలు తప్ప ఒంట్లో సత్తువంతా అలాగే ఉంది.

ఈ పిల్లవాణ్ణి రోజుల తరబడి ఎలా ఆడించాలంటే చూడవచ్చిన ప్రతి బంధువూ తలో సలహా ఇస్తారు. ఫోను చేతికివ్వమని ఒకరు, ఇస్తే పాడైపోతాడని ఇంకొకరు, బొమ్మలు కొనమని మరొకరు. "రెండు రోజులు ఏడిస్తే వాడే అలవాటు పడతాడు" అని ఇంటి పెద్దలు. ఈ సలహాలు ఒకదానితో ఒకటి పోట్లాడుతున్నట్టు కనిపిస్తాయి కానీ, అవి అసలు ఒకే ప్రశ్నకు జవాబులు కావు. ముందు ఆ చిక్కు విప్పాలి.

మంచం పెట్టే షరతులు

ట్రాక్షన్ అంటే విరిగిన ఎముకను మెల్లగా లాగి సరైన వరసలో నిలిపి ఉంచడం. కాలికి పట్టీలు అంటించి, వాటికి తాడు కట్టి, కప్పీ మీదుగా బరువు వేలాడదీస్తారు. ఆ బరువు నేలకు గానీ మంచానికి గానీ ఆనకూడదు. పిల్లవాడి ఒళ్ళే ఎదురు బరువుగా పనిచేయాలి కాబట్టి చాలాచోట్ల మంచాన్ని కాళ్ళవైపు కాస్త ఎత్తుతారు. రెండేళ్ళలోపు పసివాళ్ళకైతే రెండు కాళ్ళూ నిటారుగా పైకి కట్టి, పిరుదులు పరుపుకు కొద్దిగా పైన ఉండేలా వేలాడదీసే పద్ధతి ఒకటుంది. కొద్ది రోజుల తర్వాత, లేదా కొందరికి నేరుగానే, నడుము పైనుంచి కాలి కింది వరకూ పిండికట్టు వేస్తారు. దానిని స్పైకా అంటారు. అది సాధారణంగా కొన్ని వారాలు ఉంటుంది. ఇంకా పెద్ద పిల్లలకు ఎముకలో వంగే గుణమున్న సన్నని కడ్డీలు వేసి తొందరగా లేపుతున్నారు. వయసు, బరువు, విరిగిన తీరును బట్టి డాక్టరు నిర్ణయం మారుతుంది.

ఈ ఏర్పాటు ఆటకు పెట్టే షరతులు బయటివాళ్ళ ఊహకు అందవు. వెల్లకిలా పడుకున్న పిల్లవాడికి కనిపించేది కప్పు, ఫ్యాను, సెలైన్ సీసా, పైనుంచి తొంగిచూసే పెద్దవాళ్ళ ముఖాలు. పొట్ట మీద పెట్టిన బొమ్మ జారి కింద పడుతుంది. పడినదాన్ని తీసుకోలేడు, ఎవరినో పిలవాలి. బొమ్మ వేయమని కాగితం పైకి పట్టి ఇస్తే బాల్‌పెన్ నాలుగు గీతలు గీసి ఆగిపోతుంది, సిరా కిందికి దిగాలి కదా. పెన్సిలు, క్రేయాన్ అయితే ఎటు తిప్పినా పనిచేస్తాయి. మన ఇళ్ళలో పసివాళ్ళను ఆడించే ఆటల్లో సగం కాళ్ళతో ఆడేవో, ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఊపేవో. ఇక్కడ ఆ సగం ముందే కొట్టుకుపోయింది.

ఒక చేతికి కాన్యులా, అంటే సెలైన్, మందులు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం, ఉంటే మిగిలేది ఒక్క చేయి. అది ఏ చేయి అన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది. బొమ్మలు వేసే చేతికో, బొటనవేలు చీకే చేతికో కాకుండా రెండో చేతికి కాన్యులా పెట్టగలరా అని ముందే అడిగితే, నరం దొరికినంత వరకూ సిస్టర్లు సాయం చేస్తారు. పది బొమ్మలు కొన్నదానికన్నా ఆ ఒక్క ప్రశ్న ఎక్కువ పనిచేస్తుంది.

ఒక్క రోజు లెక్క

బొమ్మలు కొనడంతో సమస్య ఎందుకు తీరదో అంకెల్లో చూద్దాం. మూడు, నాలుగేళ్ళ పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన పిల్లవాడు 12 గంటలు పడుకున్నాడనుకుందాం. మిగిలిన 12 గంటల్లో తిండికి, ఒళ్ళు తుడవడానికి, బెడ్‌పాన్‌కు, మందులకు, రౌండ్స్‌కు ఉదారంగా 4 గంటలు తీసేద్దాం. ఇంకా 8 గంటలు, అంటే 480 నిమిషాలు మిగిలాయి. ఈ వయసులో ఒక ఆట మీద మనసు 15 నిమిషాలు నిలిచిందంటే గొప్పే. ఆ లెక్కన రోజుకు 32 ఆటలు కావాలి. రెండు వారాలకు 448.

ఇన్ని ఆటలు ఏ తల్లి దగ్గరా ఉండవు, ఏ దుకాణంలోనూ దొరకవు. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు ఆటల సంఖ్య పెంచరు, రోజుకు ఒక ఆకారం ఇస్తారు. నాలుగేళ్ళవాడికి గడియారం తెలియదు. పాలు తాగాక ఒళ్ళు తుడవడం, తర్వాత డాక్టర్ల రౌండ్స్, అవి అయ్యాక రంగులు, కునుకు లేచాక పక్క మంచం పాపతో కబుర్లు, చీకటి పడితే నాన్న వస్తాడు. ఈ వరస రోజూ ఒకేలా ఉంటే, తర్వాత జరగబోయేది వాడికే ముందు తెలుస్తుంది. తెలిసినది జరగడంలో ఒక ధీమా ఉంది. గోడ క్యాలెండరులో రోజుకో గడి కొట్టేయడం కూడా ఇలాంటిదే. ఒక్క చిక్కుంది. ఇంటికి వెళ్ళే తేదీని ఎక్స్‌రే తేలుస్తుంది, క్యాలెండరు కాదు. "ఆదివారం వెళ్ళిపోతాం" అన్న మాట తప్పితే వారం రోజుల నమ్మకం ఒక్క పూటలో పోతుంది.

అలాగే ఒకే కథ ఇరవైసార్లు అడిగాడని విసుక్కుంటాం కానీ, ఏడు చేపల కథలాంటివి తెలుగు ఇళ్ళలో తరాలుగా నిలవడానికి కారణం ఆ మళ్ళీమళ్ళీ రావడమే. చేప ఎందుకు ఎండలేదు, గడ్డిమోపు ఎందుకు అడ్డం వచ్చింది, ఆవు ఎందుకు మేయలేదు... రెండోసారికే ప్రశ్న పిల్లవాడు అడుగుతాడు. మూడోసారికి మనం తప్పు చెబితే దిద్దుతాడు. వినేవాడు నడిపేవాడు అవుతాడు.

ఒకే పేరు కింద మూడు పనులు

"పిల్లవాణ్ణి ఆడించడం" అన్న ఒక్క మాట కింద మనం మూడు వేరువేరు పనులను కలిపేస్తున్నాం.

మొదటిది కాలక్షేపం. ఖాళీ గంటలను గడపడం. ఏ పాటైనా, ఏ వీడియో అయినా, కిటికీ బయట కాకులైనా సరిపోతాయి.

రెండోది దృష్టి మళ్ళించడం. సూది, డ్రెస్సింగ్, రక్తం తీయడం లాంటి రెండు మూడు నిమిషాల బాధ వేళ మనసును వేరేచోట నిలపడం. ఇది వట్టి మాయ కాదు. నొప్పి సంకేతాలు మెదడుకు చేరేముందు వెన్నుపాము దగ్గర ఒక ద్వారం లాంటిది ఉంటుందని, మెదడు నుంచి కిందికి వచ్చే సంకేతాలు దాన్ని తెరవగలవు, మూయగలవు అని మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లో ప్రతిపాదించారు. వివరాలు తర్వాత చాలా మారాయి. అయినా మనసు ఎక్కడుందన్నది నొప్పిని మారుస్తుందన్న మూలసూత్రం నిలిచింది. పిల్లల సూది నొప్పి మీద జరిగిన పరీక్షలను కలిపి చూసిన, కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ సమీక్ష కూడా దృష్టి మళ్ళిస్తే పిల్లలు చెప్పే నొప్పి తగ్గుతుందని తేల్చింది. ఆ పరీక్షల నాణ్యత అంత గట్టిది కాదని అదే సమీక్ష చెప్పింది. చంటిపిల్లలకైతే సూది వేళ తల్లిపాలు తాగించడమే బాగా పనిచేస్తుంది.

మూడోది అసలైన ఆట. ఇందులో పెత్తనం పిల్లవాడిది. ఏమి జరగాలో వాడు చెబుతాడు, మనం చేస్తాం. ఆసుపత్రిలో ఇది ఎందుకంత ముఖ్యమో చూడటానికి వాడి రోజును వాడి వైపు నుంచి తలుచుకుంటే చాలు. ఎప్పుడు లేవాలో, ఏమి తినాలో, ఎవరు ముట్టుకోవాలో, ఆఖరికి మూత్రం ఎలా పోయాలో కూడా వాడి చేతిలో లేదు. నాలుగేళ్ళకు కష్టపడి సంపాదించుకున్న స్వాతంత్ర్యమంతా ఒక్క రోజులో పోయింది. పక్క తడపడం, చంటిపిల్లలా మాట్లాడటం, మానేసిన పాలసీసా మళ్ళీ అడగడం అప్పుడే మొదలవుతాయి. దీన్ని మొండితనం అనుకుంటారు. వయసులో కొన్ని మెట్లు వెనక్కి దిగి దాక్కోవడం అది. సాధారణంగా కొంతకాలానికి సర్దుకుంటుంది.

ఈ మూడింటినీ వేరు చేస్తే సలహాల గొడవ చాలావరకు తేలిపోతుంది. ఫోను రెండో పనికి చక్కగా, మొదటి పనికి కొంతవరకు పనికొస్తుంది. మూడో పనికి దాదాపుగా రాదు.

నిశ్శబ్దం మీద పాత తగాదా

"ఏడ్చి ఏడ్చి వాడే ఊరుకుంటాడు" అన్నది మన పెద్దల మాటే కాదు, ఒకప్పుడు ఇంగ్లండు ఆసుపత్రుల అధికారిక నమ్మకం. అక్కడ పిల్లలను చేర్చాక తల్లిదండ్రులను చూడనిచ్చేది చాలా తక్కువ. వాళ్ళు వస్తే పిల్లలు ఏడుస్తారు, రాకపోతే బుద్ధిగా ఉంటారు అన్నది వాదన. లండన్‌లో టావిస్టాక్ అనే మానసిక వైద్య క్లినిక్‌లో పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్ దీన్ని ఒప్పుకోలేదు. 1952లో, బొడ్డు హెర్నియా ఆపరేషన్ కోసం 8 రోజులు ఆసుపత్రిలో ఉన్న రెండేళ్ళ పాపను కెమెరాతో చిత్రించి వైద్యులకు చూపించాడు. ఆ పాప పెద్దగా గోల చేయదు. మెల్లమెల్లగా ముడుచుకుపోతుంది, చివరికి తల్లి వచ్చినా ముఖం తిప్పుకుంటుంది.

ఇలాంటి పిల్లల్లో రాబర్ట్‌సన్ మూడు దశలు గుర్తించాడు: ఎదురుతిరగడం, నిరాశ, ఆ తర్వాత తెగతెంపులు. మూడో దశలో పిల్లలు నవ్వుతారు, సిస్టర్లందరి దగ్గరికీ వెళతారు, పెట్టింది తింటారు. సర్దుకున్నారని అందరూ సంతోషిస్తారు. అతని దృష్టిలో అదే అన్నిటికన్నా చెడ్డ దశ. సినిమా చూసిన వైద్యుల్లో చాలామంది మండిపడ్డారు. కానీ 1959లో బ్రిటన్‌లో వచ్చిన ప్లాట్ కమిటీ నివేదిక తల్లిదండ్రులను ఆంక్షలు లేకుండా రానివ్వాలనీ, వార్డులో ఆటకు ఏర్పాటు ఉండాలనీ సిఫారసు చేసింది. అమెరికాలో 1955లో క్లీవ్‌లాండ్ ఆసుపత్రిలో ఎమ్మా ప్లాంక్ మొదలుపెట్టిన కార్యక్రమం నుంచి చైల్డ్ లైఫ్ స్పెషలిస్ట్ అనే ఉద్యోగం రూపం తీసుకుంది. చికిత్స గురించి పిల్లలకు వాళ్ళ భాషలో చెప్పడం, ఆడించడం, సూది వేళ పక్కన నిలబడటం వాళ్ళ పని.

మన వార్డుల్లో తల్లి పక్కన ఉండటం మామూలే, ఆ విషయంలో మనకు మేలు. కానీ ఆ తల్లే మందుల చీటీ పట్టుకుని కిందికి పరుగెత్తాలి, రిపోర్టుల కోసం వరసలో నిలబడాలి, ఆరోగ్యశ్రీ కౌంటరుకు కాగితాలు మోయాలి. నీలోఫర్‌కో, విశాఖ కేజీహెచ్‌కో దూరపు జిల్లా నుంచి వచ్చిన కుటుంబానికి చేయి మార్చుకునే మనిషి ఉండదు. తల్లి ఉన్నట్టే ఉంటుంది, పిల్లవాడు గంటల తరబడి ఒంటరిగా ఉంటాడు.

ఫోను మీద ఇరుపక్షాల వాదన

రెండేళ్ళలోపు పిల్లలకు తెర చూపొద్దనీ, రెండు నుంచి ఐదేళ్ళ వారికి రోజుకు గంట మించొద్దనీ ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతుంది. బంధువులతో అప్పుడప్పుడూ వీడియో కాల్‌కు మినహాయింపు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాలూ దాదాపు ఇవే.

ఫోను ఇవ్వాలనేవాళ్ళు రెండు మాటలంటారు. ఈ పరిమితులు ఆరోగ్యంగా ఇంట్లో తిరిగే పిల్లల కోసం రాసినవి. తెరకు అతుక్కుంటే పరుగులు పోతాయన్నది వాటి వెనకున్న ముఖ్యమైన భయాల్లో ఒకటి, పరుగులే లేని పిల్లవాడికి పోయేదేముంది? పైగా వెల్లకిలా పడుకుని ఒంటిచేత్తో చూడగలిగినవి ఇంకెన్ని ఉన్నాయి? ఊళ్ళో ఉన్న నానమ్మ ముఖం, తన కుక్కపిల్ల, అక్క బడి సంచి కనిపించేదీ దానిలోనే.

వద్దనేవాళ్ళ మాటలోనూ బలముంది. రాత్రి లైట్లు, ఏడుపులు, ట్రాలీల చప్పుళ్ళతో వార్డులో నిద్ర ముందే చెడిపోయి ఉంటుంది, పడుకునే ముందు తెర దాన్ని ఇంకా చెడగొడుతుంది. ఆరు గంటలు చూసినవాడు ఏడో గంటలో ఫోను తీసుకుంటే చేసే రగడ ఇంకో సమస్య. అన్నిటికన్నా, రాబర్ట్‌సన్ చెప్పిన నిశ్శబ్దాన్ని ఫోను సులభంగా తయారుచేస్తుంది. చూస్తున్నాడా, ముడుచుకుపోయాడా అన్నది బయటికి తెలియదు.

నా మట్టుకు నాకు గంటల లెక్కకన్నా వేళ ముఖ్యం అనిపిస్తుంది. రోజంతా ఫోను చేతిలో ఉన్నవాడికి డ్రెస్సింగ్ వేళ అదే ఫోను చూపిస్తే కన్ను కూడా తిప్పడు. ఆ మూడు నిమిషాల కోసం దాచిపెట్టిన కొత్త వీడియోకు ఉన్న పట్టు వేరు.

"నొప్పి పుట్టదు, చీమ కుట్టినట్టే"

ఇంట్లో అల్లరి చేస్తే "డాక్టరు సూది వేస్తాడు" అని బెదిరించిన పిల్లవాడే ఇప్పుడు డాక్టరు చేతిలో ఉన్నాడు. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు చెడు జరిగితే అది తమ తప్పుకు శిక్ష అని నమ్మే వయసులో ఉంటారు. గోడ ఎక్కొద్దన్నా ఎక్కాను, అందుకే కట్టేశారు అనుకుంటాడు. ఎవరూ అడగరు కాబట్టి చెప్పడు.

అసలు ముందే చెప్పాలా వద్దా అన్నదాని మీద వాదన ఉంది. చెబితే గంట ముందు నుంచే ఏడుస్తాడని కొందరు. చెప్పకుండా వేస్తే తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఏడుస్తాడని మరికొందరు. చిన్నపిల్లలకు కొద్ది నిమిషాల ముందు, ఒకటి రెండు మాటల్లో నిజం చెప్పడం మధ్యేమార్గం: "చురుక్కుమంటుంది, పది లెక్కపెట్టేలోపు అయిపోతుంది." నొప్పి పుట్టదని చెప్పి పుట్టిస్తే, తర్వాత చెప్పే కథను కూడా వాడు నమ్మడు.

ఇక్కడే నిజమైన ఎంపికకూ ఉత్తుత్తి ఎంపికకూ తేడా తెలుస్తుంది. "ఇంజెక్షన్ వేయించుకుంటావా నాన్నా?" అని అడిగితే వాడు వద్దంటాడు. అయినా వేస్తారు. అడిగి కాదన్నందుకు ఇప్పుడు రెండు దెబ్బలు. "అమ్మ చేయి పట్టుకుంటావా, నాన్న చేయా?", "చూస్తావా, కళ్ళు మూసుకుంటావా?" అన్నవి వాడు ఏది చెప్పినా జరిపించగలిగినవి.

సూది లేని ప్లాస్టిక్ సిరంజీ, బ్యాండేజీ ముక్క ఇచ్చి బొమ్మకు వైద్యం చేయించడం ఈ కోవలోదే. దీన్ని వైద్య ఆట అంటారు. ఎలుగుబంటి కాలికి దారంతో బరువు కట్టి "కదిలావో, ఇంకోటి పొడుస్తా" అని గద్దించే పిల్లవాణ్ణి చూసి తల్లులు కంగారు పడతారు, గాయం రేపుతున్నామేమోనని. బలవంతంగా ఆడిస్తే ఆ భయం నిజమే కావచ్చు. తనంతట తాను ఆడుతుంటే మాత్రం, వాడి మనసులో ఏముందో మనకు తెలిసే దారి అదొక్కటే.

మంచం మీదికి రాకూడనివి

చింతగింజలు, గవ్వలు, పూసలు, నాణేలు. మూడేళ్ళలోపువాళ్ళు నోట్లో పెట్టుకుంటారని అందరికీ తెలుసు, వెల్లకిలా ఉన్నప్పుడు గొంతులోకి జారడం ఇంకా సులువు. స్పైకా పిల్లల విషయంలో మరో ప్రమాదం ఉంది. చేతికందిన చిన్న వస్తువును పిండికట్టు సందులోకి తోయడం వాళ్ళకు మహా సరదా. లోపల చర్మం ఒరుసుకుని పుండు పడినా పైకి కనిపించదు, వాసన వచ్చాక తెలుస్తుంది. బిస్కెట్ ముక్కలకూ ఇదే వర్తిస్తుంది.

ట్రాక్షన్ తాడుకు గంటలు, బొమ్మలు వేలాడదీయడం చూడముచ్చటగా ఉంటుంది కానీ లాగుడు లెక్క తప్పుతుంది. మెడకు చుట్టుకునేంత పొడవు దారం ఏదీ ఉండకూడదు. బూరలు చాలా ఆసుపత్రులు రానివ్వవు. పగిలిన ముక్క గొంతుకు అడ్డం పడుతుంది, కొందరికి ఆ రబ్బరు పడదు. మెత్తటి బొమ్మలను తుడిచి శుభ్రం చేయలేం కాబట్టి మంచం మంచానికీ మార్చకూడదు. వాడి సొంత బొమ్మ వాడి దగ్గరే ఉంటే తప్పులేదు. సబ్బు బుడగలు మాత్రం అరుదైన మేలు: చూడటానికి ఆట, ఊదడానికి దీర్ఘశ్వాస, సూది వేళ ఊపిరి బిగబట్టనివ్వవు. నేల మీద పడితే జారుతుందని ఆయమ్మ తిడుతుంది, ఆమె తిట్టడంలో న్యాయముంది.

ఏమీ కొనకుండా దొరికేవీ ఉన్నాయి. పిల్లలకు వాడే మైక్రో డ్రిప్ సెట్టులో 60 చుక్కలు ఒక మిల్లీలీటరు. గంటకు 20 మిల్లీలీటర్లు ఎక్కుతుంటే నిమిషానికి సరిగ్గా 20 చుక్కలు పడతాయి. ఇరవై వరకూ లెక్క వచ్చినవాడికి అది చాలినంత పని. సీసా అయిపోవస్తే సిస్టర్‌ను పిలిచే బాధ్యత కూడా వాడికే ఇవ్వొచ్చు, అమ్మ కూడా చూస్తూ ఉన్నంత వరకు. చుక్కల వేగం మార్చే చక్రం మీద చేయి వేయకూడదన్న నియమం ముందే చెప్పాలి.

ఇది ఎవరి పని?

ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం ఆటను హక్కుగా చెబుతుంది. భారత్ 1992లో దానికి ఒప్పుకుంది. ఆసుపత్రి మంచం మీది పిల్లవాడికీ ఆ హక్కు ఉంటుంది. దాన్ని తీర్చేది ఎవరన్నదే తేలలేదు. శిక్షణ పొందిన మనిషి వార్డులో ఉండాలనేవాళ్ళు, సూది వేళ తల్లే కంగారులో ఉంటుందనీ, ఆమె నుంచి ఇవన్నీ ఆశించడం అన్యాయమనీ అంటారు. మంచానికి ఇద్దరు పిల్లలు పడుకునే చోట, సిస్టర్ల పోస్టులే ఖాళీగా ఉన్నచోట ఆ మాట ఎత్తడమే విలాసమని ఇంకో పక్షం. ఆ ఉద్యోగి రాకముందే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి: డ్రెస్సింగ్‌కు ఒక వేళ చెప్పి దానికి కట్టుబడటం, సూది వేసేటప్పుడు తల్లిని బయటికి పంపకపోవడం, రౌండ్స్‌లో కాలితో కాకుండా ముందు పిల్లవాడితో మాట్లాడటం. వీటికి బడ్జెట్ అక్కర్లేదు. అయితే ఒక్క సిస్టర్ ముప్పై మంచాలు చూసే వార్డులో చెప్పిన వేళకు డ్రెస్సింగ్ జరగడం కూడా చిన్న కోరిక కాదు.